ఖర్మకు ఉత్తమ పురుష ఒక్కటే

పరిహారం అన్న మాటను తెలుగువాళ్లు రెండు చోట్ల వాడతారు. నవగ్రహ మంటపం దగ్గర పూజారిగారు చెప్పేది ఒకటి: ఏలినాటి శని నడుస్తోంది, పరిహారంగా శనివారం తైలాభిషేకం చేయించండి, నల్ల నువ్వులు దానమివ్వండి. కార్మిక శాఖ ఆఫీసులో గుమాస్తా అడిగేది రెండోది: పరిహారం కేసా, ప్రమాదం ఏ తారీఖున జరిగింది, జీతం ఎంత, వయసెంత? మాట ఒకటే, డబ్బు నడిచే దిక్కు మాత్రం వేరు. మొదటిచోట దెబ్బ తిన్నవాడే చెల్లిస్తాడు. రెండోచోట పని చేయించుకున్నవాడు చెల్లిస్తాడు. పవర్ ప్రెస్సు కింద బొటనవేలు పోగొట్టుకున్న మనిషి ఇంట్లో ఈ రెండు పరిహారాలూ ఒకే వారంలో ప్రస్తావనకు రావడం వింతేమీ కాదు. మొదటిదానికి అప్పు చేసి, రెండోదాని కోసం ఏళ్లు ఎదురుచూడడమూ వింత కాదు. ఒకటి మూఢనమ్మకం, మరొకటి చట్టం అని చేతులు దులుపుకోవచ్చు గానీ, అసలు ప్రశ్న అలాగే ఉండిపోతుంది. మనిషికి జరిగిన కీడుకు అతని వెనకటి కర్మే కారణమైతే, దానికి ఇంకొకడు డబ్బెందుకు కట్టాలి? కట్టినా, అది న్యాయమా, దయా? దీనికి నమ్మనివాళ్ల కంటే నమ్మేవాళ్లే ముందు జవాబు చెప్పుకోవాలి. నా వాదన ఇది: కర్మ సిద్ధాంతాన్ని మన గ్రంథాల్లో ఉన్నది ఉన్నట్టు చదివితే, అది కార్మికుడి నోరు మూయించడానికి పనికిరాదు, యజమాని బాకీని గుర్తు చేయడానికే పనికొస్తుంది.

ముందు ఆ బాకీ లెక్కను కాస్త దగ్గరగా చూద్దాం. 1923లో వచ్చిన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టంగా పేరు మార్చుకుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్‌లో దాన్ని కలిపేశారు. 1923 చట్టం చివర ఒక పట్టిక ఉంటుంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెనవేలు గానీ అయితే 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. భుజం కీలు దగ్గర చేయి తీసేస్తే 90. చేయి ఎక్కడ తెగిందో కొలవడానికి 20.32 సెంటీమీటర్లు, 11.43 సెంటీమీటర్లు అంటూ విచిత్రమైన అంకెలు కనిపిస్తాయి. దొరలు ఎనిమిది అంగుళాలు, నాలుగున్నర అంగుళాలు అని రాసినదాన్ని మెట్రిక్‌లోకి మార్చి అలాగే ఉంచేశారన్నమాట. ఇవి ఒంటికి జరిగిన నష్టపు శాతాలు కావు, సంపాదించే శక్తికి జరిగిన నష్టపు శాతాలు. నెల జీతంలో 60 శాతం తీసుకుని, దాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించి, వచ్చినదాంట్లో పట్టికలోని శాతం కడతారు. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. నెలకు 15,000 జీతం మీద అతని బొటనవేలికి వచ్చేది 5,61,546 రూపాయలు. అసలు జీతం అంతకంటే ఎక్కువున్నా 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునేది ఆ 15,000 వరకే. మనిషి వేలికి వెల కడతారా అని ముఖం చిట్లించుకునేవాళ్లున్నారు. వాళ్ల మాట దగ్గరికి తర్వాత వస్తాను.

తెలుగులో కర్మకు ఒత్తు చేరి ఖర్మ అయ్యేసరికి సిద్ధాంతం ఆవిరై నిట్టూర్పు మిగిలింది. బస్సు తప్పినా ఖర్మే, సంబంధం చెడినా ఖర్మే. ‘నా ఖర్మ’ అని నుదురు కొట్టుకున్న మనిషిని తప్పుపట్టడానికేమీ లేదు. బరువు ఎత్తుకునే ముందు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు లాంటిది ఆ మాట. బరువును తగ్గించదు, మోసేలా చేస్తుంది. అదే మాట ‘వాడి ఖర్మ’ అయిందా, చుట్టకుదురు కాస్తా నెత్తిన ఇంకో రాయి అయి కూర్చుంటుంది. మన వ్యాకరణంలో ‘నేను’ ఉత్తమ పురుష, ‘నువ్వు’ మధ్యమ పురుష, ‘వాడు’ ప్రథమ పురుష. ఖర్మ అన్న మాటకు ఉత్తమ పురుష ఒక్కటే ఉండాలి. శాస్త్రం కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు పాళ్లు చేసింది: పోగుపడ్డది, అనుభవానికి వచ్చినది, ఇప్పుడు చేస్తూ ముందుకు కూడబెట్టుకుంటున్నది. దెబ్బ తగలడం కార్మికుడి ప్రారబ్ధమే అనుకుందాం. తన వెనకటి జన్మే తనకు తెలియని యజమానికి పక్కవాడి వెనకటి జన్మ సంగతి ఎలా తెలిసింది? సరే, తెలిసిందనే అనుకున్నా అతనికి ఒరిగేదేమీ లేదు. కార్మికుడి ప్రారబ్ధం కార్మికుడిది, దాని ముందు నిలబడి యజమాని చేసేది యజమాని ఆగామి. రక్తం కారుతున్న చేతికి గుడ్డ చుట్టేలోగానే హాజరు పట్టీలో పేరుందా లేదా అని చూసిన చూపు, సొంత అజాగ్రత్త వల్లే జరిగిందని రాసి తెచ్చిన కాగితం, ఆస్పత్రి బిల్లు దగ్గర చేసిన బేరం ఎవరి ఖాతాలో పడతాయో తేల్చడానికి జాతకచక్రం అక్కర్లేదు.

ఇది ఇప్పటి న్యాయభావనను పాత సిద్ధాంతానికి అతికించడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. అడిగినవాళ్లు భారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథను మళ్లీ తిరగేయాలి. మౌనవ్రతంలో ఉన్న మునికి తెలియకుండా దొంగలు సొత్తు తెచ్చి ఆశ్రమంలో దాస్తారు. భటులు అడిగితే ఆయన పలకడు. రాజు దొంగలతోపాటు ఆయన్నీ కొర్రు వేయిస్తాడు. ముని చావడు. నిజం తెలిసిన రాజు వచ్చి కాళ్ల మీద పడతాడు. కొర్రును ఊడబెరకబోతే రాలేదు, దాంతో మొదలుకంటా కోయిస్తాడు. లోపలి ముక్క లోపలే ఉండిపోయింది. ఆ ముక్కతోనే ఆయన తిరిగాడు, తపస్సు చేసుకున్నాడు, లోకం ఆయన్ని ఆణిమాండవ్యుడు అనే పిలిచింది. శాశ్వత గాయం మనిషి పేరులో కలిసిపోవడం అంటే ఇదే. మన ఊళ్లలోనూ మిషన్లో చేయి పోయినవాడికి అసలు పేరు పోయి అవిటి పేరు మిగులుతుంది. కథ అక్కడితో ఆగలేదు. మాండవ్యుడు నేరుగా ధర్మదేవత సభకు వెళ్లి, నేను చేసిన ఏ పనికి ఈ ఫలం అని నిలదీశాడు. చిన్నప్పుడు పురుగులను పరకతో గుచ్చావు, దానికిది అని ధర్ముడి జవాబు. మన లెక్కల ప్రకారం కర్మ సిద్ధాంతం అక్కడ గెలిచినట్టే, ముని తలవంచుకుని వెనక్కి రావాలి. భారతం అలా రాయలేదు. ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని మునే ధర్ముణ్ని శపించాడు. ఆ శాపంతోనే ధర్ముడు విదురుడై పుట్టాడు. పద్నాలుగేళ్లలోపు చేసినదానికి పాపం అంటదని మాండవ్యుడు కొత్త హద్దు కూడా గీశాడు. (శూద్రయోనిలో పుట్టమన్న ఆ శాపంలోని కులవాసన నేటి పాఠకుడికి గుచ్చుకుంటుంది, దాన్ని దాచిపెట్టి కథ చెప్పడం నాకిష్టం లేదు.) గాయపడ్డవాడు ధర్మపీఠాన్నే ప్రశ్నించడం, పీఠం దిగిరావడం మన ఇతిహాసం ఆమోదించిన సంగతి. పరిహారం కోసం కమిషనర్ ముందు దరఖాస్తు పెట్టుకున్న కార్మికుడు దైవనిర్ణయానికి ఎదురు తిరుగుతున్నాడని అనేవాళ్లకు ఈ ఒక్క కథ చాలు.

భారతం ఒక్కటే కాదు. బుద్ధుడి దగ్గరికి మోళియ శివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అంటున్నారు కొందరు, మీరేమంటారని అడిగిన సంభాషణ సంయుత్త నికాయంలో ఉంది. బాధకు పైత్యం కారణం కావచ్చు, కఫం కావచ్చు, వాతం కావచ్చు, మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి దెబ్బ తగలడం కావచ్చు అని బుద్ధుడు ఏడు చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదోదిగా పెట్టాడు. అన్నీ పూర్వకర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. ఆ పట్టికలో ఒంటిని సరిగా చూసుకోకపోవడానికి వాడిన పాళీ సమాసంలో ‘పరిహార’ శబ్దం ఉంది. అక్కడ దాని అర్థం సంరక్షణ. మన మాటకు గుడి అర్థం, ఆఫీసు అర్థం పుట్టకముందు ఇలాంటి అర్థమూ ఉండేదన్నమాట. గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా ఏ పని జరగడానికైనా ఐదు కారణాలని చెప్తూ, అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు వరుసగా చెప్పి, దైవాన్ని ఐదోదిగా చేర్చింది. ఫ్యాక్టరీ ప్రమాదాన్ని ఆ ఐదింటితోనే విచారిస్తే నాలుగు ప్రశ్నలు దైవానికి ముందే వస్తాయి: ఎక్కడ నిలబడి చేశాడు, ఎవడు చేశాడు, ఎన్ని గంటలుగా చేస్తున్నాడు, మిషనుకు రక్షణ కవచం ఉందా? దైవాన్ని కాదనక్కర్లేదు. దాని వంతు వచ్చేదాకా ఆగమంటున్నాను. బైబిలు చదివే తెలుగువాళ్లకు యోబు స్నేహితులు తెలుసు. నువ్వేదో పాపం చేసుంటావు అని వాళ్లు గంటలకొద్దీ ఉపన్యసిస్తే, చివర దేవుడు కోపించింది యోబు మీద కాదు, వాళ్ల మీద. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు యేసు.

యూరపులో ఈ ప్రథమ పురుష ఖర్మకు న్యాయశాస్త్రం వేషం వేశారు. 1837లో ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రవాడు, బరువు ఎక్కువైన బండి కూలి తొడ విరగ్గొట్టుకుని కోర్టుకెళ్తే, ప్రమాదమని తోస్తే ఎక్కకుండా ఉండాల్సిందని తేల్చారు. జీతానికి ఒప్పుకున్నవాడు ప్రమాదానికీ ఒప్పుకున్నట్టే అన్న సిద్ధాంతం ఆ తర్వాత దశాబ్దాలపాటు కార్మికుల నోట మన్ను కొట్టింది. తెలిసే చేరాడు, అనుభవించనీ అన్నమాట. దాన్ని పక్కకు నెట్టింది 1884లో జర్మనీ తెచ్చిన ప్రమాద బీమా, 1897లో బ్రిటన్ చేసిన చట్టం, ఆ బాటలో మన 1923 చట్టం. వీటి విశేషం, తప్పెవరిదన్న ప్రశ్ననే చాలావరకు అడగకపోవడం. పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగిందా, లేదా? జరిగితే చెల్లించాలి. తప్పతాగి పనిచేసినా, భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించినా, రక్షణ కవచాన్ని కావాలని తొలగించినా యజమానికి మినహాయింపు ఉంది. ప్రాణం పోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా ఆ మినహాయింపూ పనిచేయదు. పొరపాటు చేసినవాడికి కూడా డబ్బెందుకు అని కొందరికి ఇక్కడే కోపమొస్తుంది. నేను దాన్ని ఇలా చూస్తాను: రోజుకు కొన్ని వేలసార్లు ఒకే కదలికను చేయించే పనిలో ఒక్కసారి చేయి తడబడడం మనిషి స్వభావం. తడబడని లక్షల కదలికల లాభం తీసుకున్నవాడు తడబడిన ఒక్క కదలిక నష్టంలోనూ భాగస్తుడే. పంట పంచుకున్నవాడు కరువు పంచుకోనంటే మన పల్లెల్లో ఏమంటారో పాఠకులకు తెలుసు.

నిష్కామకర్మ పేరు చెప్పి ఇంకో అభ్యంతరం వస్తుంది. ఫలం మీద ఆశ వద్దన్న గీతను నమ్మేవాడు పరిహారం కోసం ఎలా పోరాడతాడని. ఆ ఉపదేశం కర్త తన మనసుకు చెప్పుకోవలసింది, కూలి ఇవ్వవలసినవాడు కూలివాడికి చెప్పవలసింది కాదు. ఇక్కడా పురుష మారితే ధర్మం మారిపోతుంది. పైగా కూలి బాకీ, ఫలం కాదు. అర్థశాస్త్రం రాసిన కౌటిల్యుడు వైరాగ్యానికి పేరుపడ్డవాడేమీ కాదు, అయినా రాచపనిలో చనిపోయినవాడి భార్యాబిడ్డలకు బత్యమూ జీతమూ అందాలని జీతాల అధ్యాయంలోనే రాశాడు, దానధర్మాల అధ్యాయంలో కాదు.

ఇక వెల సంగతి. శరీరానికి ధర కట్టడం అవమానమన్న మాటలో కొంత నిజముంది. కట్టకపోవడం అంతకంటే పెద్ద అవమానం. ఈ సంకటాన్ని అందరికంటే తెగించి ఆలోచించినవాళ్లు యూదు ధర్మవేత్తలు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, ఒకరిని గాయపరిచినవాడు ఐదు ఖాతాల కింద చెల్లించాలంటుంది: అంగనష్టం, నొప్పి, వైద్యం, పోయిన పనిరోజులు, అవమానం. మన 1923 పట్టిక మొదటిదాన్నే కొలుస్తుంది. నొప్పికీ అవమానానికీ అందులో గడి లేదు. పోయిన పనిరోజులను మిష్నా లెక్కగట్టే తీరు ఇంకా ఆసక్తికరం. చేయి పోయినవాడి రోజుకూలిని దోసతోట కాపలావాడి కూలితో కొలవమంటుంది, ఎందుకంటే చేతి వెల వేరే ఖాతాలో ముందే ఇచ్చేశారు. తర్వాతి తల్మూద్ పండితులు ఇంకా ముందుకెళ్లారు. కాలు విరిగితే వాకిలి కాపలావాడి కూలి, కన్ను పోతే తిరగలి తిప్పేవాడి కూలి. చెవులు రెండూ పోతే మనిషి మొత్తం వెల కట్టమన్నారు. దోసపాదుల మధ్య మంచె మీద కూర్చుని కాకులను తోలే ఆ ఒంటిచేతి మనిషి వాళ్లకు ఊహ మాత్రమే, ఇప్పటి అపార్టుమెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మనకు రోజూ కనిపించే మనిషి. పని చేసుకుంటున్నాడు కదా, ఇంకా పరిహారం ఎందుకన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబుంది. పోయిన చేయి ఒక ఖాతా, తిరిగి దొరికిన కూలి వేరొక ఖాతా. రెండోది చూపించి మొదటిదాన్ని కొట్టేయడం కుదరదు. మన ఈఎస్ఐలో శాశ్వత వైకల్యానికి నెలనెలా ఇచ్చే మొత్తం కార్మికుడు తిరిగి పనిలో చేరినా ఆగదు. ఆ ఏర్పాటు వెనకా ఇదే తర్కం.

వెల కట్టేటప్పుడు ఏ మనిషి చేయి అన్నది వదిలేస్తే మాత్రం పట్టిక క్రూరంగా మారుతుంది. ఏకలవ్యుడి బొటనవేలు మన పట్టికలో 30 శాతమే. గురుదక్షిణ తర్వాత కూడా అతను మిగిలిన వేళ్లతో బాణాలు వేశాడనీ, మునుపటి వడి మాత్రం రాలేదనీ భారతం చెప్తుంది. ఆ పోయిన వడి విలుకాడికి ఎన్ని శాతాలు? మన సుప్రీంకోర్టుకు ఇలాంటి ప్రశ్నే 1975లో ఎదురైంది. 1968లో ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమచేయి మోచేతికి పైన తీసేశారు. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యమే అన్నది యజమాని వాదన. వడ్రం ఒంటిచేత్తో జరగదు, కాబట్టి వడ్రంగిగా అతని నష్టం నూరుశాతం అని కోర్టు సమర్థించింది. 2010లో మోటారు ప్రమాదాల కేసులోనూ ఇదే సూత్రాన్ని విడమరిచి చెప్పింది: ఎడమచేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు మొత్తం పోవచ్చు, సర్కారు గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో డాక్టరు రాసే శాతం ఒంటి గురించి. పరిహారంలో తేలవలసిన శాతం బతుకు గురించి. ఈ రెంటినీ ఒకటిగా చూపి బేరమాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నూరు శాతం డబ్బు చేతికొచ్చినా మనిషి ఉదయం ఆరింటికి లేచి ఎక్కడికెళ్లాలన్నది అలాగే ఉంటుంది. అరసవల్లి సూర్యదేవుడి విగ్రహం అడుగున ఏడు గుర్రాలను తోలుతూ ఒక మూర్తి ఉంటుంది. అతను అనూరుడు, అంటే తొడలు లేనివాడు. అరుణుడన్నా అతనే. తొందరపడ్డ తల్లి వినత గుడ్డును ముందే పగలగొట్టడం వల్ల సగం ఒంటితో పుట్టాడు. తనకు జరిగినదాన్ని అతను ఖర్మ అనలేదు. బాధ్యురాలైన తల్లికే దాస్యం కలగాలని శపించాడు, అంత తీవ్రమైన శాపం సమంజసమా అన్నది వేరే మాట. ఆ తర్వాత అతనికి దొరికిన పని చూడండి. సారథ్యం కూర్చుని చేసే పని, దానికి కావలసింది చేతులు, చూపు, గుర్రాల మనసు తెలియడం. తొడలు లేకపోవడం అక్కడ అడ్డే కాదు. సూర్యుడు అతని మీద జాలిపడి కొలువిచ్చాడన్న భావన కథలో ఎక్కడా ధ్వనించదు. రోజూ సూర్యుడి కంటే ముందు కనిపించేది అతనే, అందుకే ఆ వేళకు అరుణోదయం అని పేరు. మనిషికి తగ్గ పని వెతకడం పని ఇచ్చేవాడి బాధ్యత అనే ఆలోచన విదేశీ సరుకు అనుకునేవాళ్ల కోసం ఇది చెప్తున్నాను.

చట్టం ఇక్కడ సగం దారిలో ఆగింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పని చూపాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం శాసించింది. ప్రైవేటు ఫ్యాక్టరీకి అలాంటి కట్టడి లేదు. తెలంగాణ ఆర్టీసీలో రంగులు గుర్తించే చూపు లేదని ఇంటికి పంపిన డ్రైవరు కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, తగిన వేరే పోస్టు చూపి తిరిగి తీసుకోవాలని ఆదేశించింది. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇస్తామని 1979లో యూనియన్‌తో కుదిరిన ఒప్పందమే అందుకు ఆధారమైంది. చిన్న యజమానికి అంత స్తోమత ఎక్కడిదంటారు. నాలుగు మగ్గాలవాడి కష్టం నిజమే. అందుకే ఆ భారాన్ని పంచడానికి ఈఎస్ఐ ఉంది. జీతంలో యజమాని కట్టేది 3.25 శాతం, కార్మికుడు కట్టేది 0.75. ఆ చందా కూడా ఎగ్గొట్టడానికి సగంమంది పేర్లు రిజిస్టరులో ఎక్కించనివాడు తర్వాత స్తోమత గురించి మాట్లాడితే వినబుద్ధి కాదు. దొంగ నొప్పులతో డబ్బు గుంజేవాళ్లు లేరా? ఉంటారు, వాళ్లను పట్టుకోవడానికి మెడికల్ బోర్డులున్నాయి. తెగిన వేలిని మాత్రం ఎవరూ నటించలేరు.

యజమానే లేనివాళ్ల మాటేమిటన్నది నా వాదనకు అన్నిటికంటే గట్టి పరీక్ష. మోకు జారి తాటిచెట్టు మీంచి పడి నడుం పడిపోయిన గీత కార్మికుడు ఎవరి దగ్గరికెళ్లి బాకీ అడగాలి? అతనికి సర్కారు ఇచ్చేదాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. లాటిన్‌లో దాని అర్థం దయకొద్దీ అని. కల్లు తాగిన ఊరు, పన్ను తీసుకున్న ప్రభుత్వం ఉండగా దయ అన్న మాట నాకు సరిపడదు. అయినా ఒక మంచి మార్పు జరిగింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు పంచిన భద్రతా కిట్లకు గౌడుల ఇలవేల్పు కాటమయ్య పేరు పెట్టింది. చెట్టెక్కే ముందు కాటమయ్యకు దండం పెట్టుకోవడం పాత సంగతి, ఇప్పుడు ఆ పేరే నడుముకు బిగించుకునే పట్టీకి వచ్చింది. దేవుడి మీద భారం వేయడానికీ తాడు బిగించుకోవడానికీ మధ్య తగవేమీ లేదని చెట్టెక్కేవాడికి తెలిసినంత బాగా కుర్చీలో కూర్చున్న వేదాంతికి తెలియదు.

తిరిగి ఏ పనీ చేయలేనివాళ్ల గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. బసవేశ్వరుడి శరణులు కాయకాన్ని కైలాసంతో సమానం చేశారు. పాల్కురికి సోమనాథుడు ఆ శరణుల కథలను తెలుగులో పాడాడు. కాయకం అంటేనే కాయంతో చేసేది. కాయం చితికినవాడికి కైలాసం లేదా అని అడిగితే ఆ మార్గం దగ్గర జవాబు లేకపోలేదు: ఎంత సంపాదించాడన్నది కాదు, ఎవరినీ దోచకుండా బతికాడా అన్నదే అక్కడి కొలత. అయినా పనినే మనిషి విలువగా చేసే ఏ ధర్మమైనా మంచం పట్టినవాడి దగ్గర తడబడుతుంది. పని మనిషి కోసం, మనిషి పని కోసం కాదు అన్న భావాన్ని 1981లో పోప్ రెండో జాన్ పాల్ శ్రమ మీద రాసిన లేఖలో విస్తరించాడు. మంచంలో ఉన్నవాడికి నెలనెలా అందే మొత్తం అతను చేసిన పాత పనికి కూలి కాదు, చేయబోయే పనికి బయానా కాదు. అతను మనలో ఒకడు అన్నదానికి రసీదు. పరిహారానికి సంరక్షణ అన్న ఆ పాత అర్థం మళ్లీ వచ్చి చేరేది ఇక్కడే.

కాబట్టి గుళ్లో పరిహారం చేయించుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. ఆ నువ్వులూ నూనే తన మనసును కుదుటపరుచుకోవడానికి మనిషి చేసుకునే ఉత్తమ పురుష కర్మ. దాన్ని చూపించి రెండో పరిహారం వదులుకోమనేవాణ్నే నమ్మవద్దు. ఇంత తీసుకుని ఇక ఏమీ అడగనని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకోవడం మన పారిశ్రామికవాడల్లో అందరూ ఎరిగిన పద్ధతి. నా ఖర్మ అనుకుని ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. పరిహారం హక్కును వదులుకుంటూ కార్మికుడు చేసుకున్న ఏ ఒప్పందమూ చెల్లదని 1923 చట్టం 17వ సెక్షన్‌లోనే రాశారు.